దిర్హం జీతాన్ని శ్రీకాకుళం ధరలతో లెక్కగట్టడం ఎలా?

ఉద్దానం పల్లెల నుంచి వెల్డర్లుగానో ఫిట్టర్లుగానో గల్ఫ్ దేశాలకు వెళ్లే యువకులకు ఏజెంటు చెప్పే జీతం దిర్హంలలోనో దినార్లలోనో ఉంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని వెంటనే ఆనాటి మారకపు రేటుతో హెచ్చవేసి, వచ్చిన మొత్తాన్ని ఇక్కడి జీతంతో పోల్చి చూస్తారు. ఈ లెక్క సగమే నిజం. మారకపు రేటు ఇంటికి పంపే డబ్బుకు వర్తిస్తుంది. అక్కడే ఖర్చయిపోయే డబ్బుకు విలువ కట్టవలసింది అక్కడి ధరలను ఇక్కడి ధరలతో పోల్చి మాత్రమే. ఈ రెండింటినీ విడదీసి లెక్కించే పద్ధతిని కింద వివరిస్తున్నాను.

రెండు దేశాల్లో ఒకే సరుకుల మూటను కొనడానికి అయ్యే ఖర్చుల నిష్పత్తిని కొనుగోలు శక్తి సమానత అంటారు. స్వీడన్ ఆర్థికవేత్త గుస్తావ్ కాసెల్ 1918లో దీనికి ఆ పేరు పెట్టాడు. 1968లో ఐక్యరాజ్యసమితి గణాంక కార్యాలయం, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి మొదలుపెట్టిన అంతర్జాతీయ పోలిక కార్యక్రమం ఇప్పుడు ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో నడుస్తోంది. దాని 2017 ఫలితాల ప్రకారం, అమెరికాలో 1 డాలరుకు దొరికేది భారతదేశంలో సగటున 20.65 రూపాయలకు దొరికింది. ఆ ఏడాది మారకపు రేటు 65.12 రూపాయలు. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే దాదాపు 0.32 వస్తుంది, అంటే మన ధరల స్థాయి అమెరికా స్థాయిలో మూడో వంతు కూడా లేదు. అయితే ఇది స్థూల దేశీయోత్పత్తి మొత్తానికి వేసిన లెక్క కాబట్టి, ఇందులో యంత్రాలు, కట్టడాలు, ప్రభుత్వ సేవలు అన్నీ కలిసి ఉంటాయి; పైగా ముంబయి, టెక్కలి ఒకే సగటులో కలిసిపోతాయి. ఒక కుటుంబం నిర్ణయానికి ఇది ఆధారం కాజాలదు. మీ మూటను మీరే కట్టుకోవాలి.

ముందుగా ఒక నెల ఇంటి ఖర్చంతా నోటుపుస్తకంలో రాయండి. సరుకు పేరుతోపాటు రకం, పరిమాణం, కొన్న చోటు కూడా రాయాలి. ఉత్తినే బియ్యం అని రాస్తే పోలిక కుదరదు, ఎందుకంటే స్వర్ణ రకానికీ సాంబ మసూరికీ ధర ఒకటి కాదు, గల్ఫ్ దుకాణంలో కనిపించే బాస్మతి ధర ఈ రెండింటిలో దేనికీ జత కాదు. చోళ్ల (రాగుల) లాంటివి అక్కడ సులభంగా దొరకకపోతే, వాటికి బదులు అక్కడ నిజంగా ఏం తింటారో దాని ధర వేసుకోవాలి. రేషన్ బియ్యం దగ్గర ఒక చిక్కుంది: 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద కార్డుదారులకు అవి ఉచితంగా అందుతున్నాయి, ధర సున్నా అయితే నిష్పత్తే రాదు. కాబట్టి ఆ కిలోలకు బజారు ధర కట్టి, అంతే మొత్తాన్ని ఇక్కడి ఆదాయంలోనూ కలపండి. సొంత ఇంటికి అంతర్జాతీయ లెక్కల్లో అద్దె ఊహించి వేస్తారు. మీరూ ఊళ్లో అలాంటి ఇంటికి ఎంత అద్దె వస్తుందో అంత వేసుకోవడం మంచిది.

ధరలు రెండు చోట్లా ఒకే వారంలో సేకరించాలి. ఇక్కడ కూరగాయలకు రైతు బజారు ధరల బోర్డు, మిగతా సరుకులకు మీరు రోజూ వెళ్లే కిరాణా కొట్టు సరిపోతాయి. సంక్రాంతి ముందు రోజుల్లోనో, విజయనగరంలో పైడితల్లమ్మ పండుగ రద్దీలోనో రాసుకున్న ధరలు ఏడాది సగటును చూపవు. అక్కడి ధరలను ఏజెంటును అడగకండి. మీ ఊరి నుంచి వెళ్లి అక్కడే వండుకు తింటున్న మనిషిని అడగండి.

తరువాత సరుకులను మూడు గుంపులు చేసి, ఒక్కొక్క సరుకుకూ ఇక్కడి ధరను అక్కడి ధరతో భాగించండి. ఒక గుంపులోని నిష్పత్తులకు మామూలు సగటు కన్నా గుణమధ్యమం (అన్నిటినీ హెచ్చించి, అవి ఎన్ని ఉంటే అన్నో మూలం తీయడం) మేలు, ఎందుకంటే భాగహారాన్ని తిరగేసి చేస్తే సరిగ్గా తలకిందులైన జవాబే వస్తుంది, పోలిక మారదు. ఒక గుంపు మీద ఇక్కడ అయ్యే ఖర్చును ఆ గుంపు నిష్పత్తితో భాగిస్తే, అక్కడ దానికి ఎన్ని దిర్హంలవుతాయో తెలుస్తుంది. కింది అంకెలు పద్ధతి చూపడానికి ఊహించినవి మాత్రమే, వాటి స్థానంలో మీవి వేసుకోండి. తిండి సరుకులకు ఇక్కడ 4,000 రూపాయలు, అక్కడ 240 దిర్హంలు. అద్దెకు ఇక్కడ 4,000, అక్కడ 800. క్షవరం, ప్రయాణం వంటి సేవలకు ఇక్కడ 2,000, అక్కడ 200 అనుకుందాం. మొత్తాలు 10,000 రూపాయలు, 1,240 దిర్హంలు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే దిర్హానికి 8.06 రూపాయలు. ఇది ఇక్కడి జీవనాన్ని యథాతథంగా అక్కడికి తీసుకుపోతే వచ్చే అంకె.

కానీ అక్కడికి వెళ్లిన మనిషి అలా బతకడు. గదిలో ఒక మంచం అద్దెకు తీసుకుని, తిండికి 300, అద్దెకు 300, సేవలకు 100 దిర్హంలే ఖర్చు చేస్తాడు. అదే జీవనానికి ఇక్కడి ధరల్లో 5,000, 1,500, 1,000 రూపాయలు, మొత్తం 7,500 అవుతుంది. దీన్ని 700తో భాగిస్తే దిర్హానికి 10.71 రూపాయలు. ఈ రెండు జీవనాలకూ మధ్యస్థంగా ఉండే అంకె కోసం 8.06ని 10.71తో హెచ్చించి వర్గమూలం తీస్తే 9.29 వస్తుంది. మారకపు రేటు దిర్హానికి 23 రూపాయలనుకుని 9.29ని దానితో భాగిస్తే, మీ మూట ప్రకారం ఇక్కడి ధరల స్థాయి అక్కడి స్థాయిలో 0.40.

ఇప్పుడు జీతం 1,800 దిర్హంలనుకోండి. మారకపు రేటుతో అది 41,400 రూపాయలుగా కనిపిస్తుంది. అక్కడ ఖర్చయ్యే 700 దిర్హంలు ఇచ్చేది ఇక్కడి 7,500 రూపాయల జీవనాన్నే. ఇంటికి వచ్చే 1,100 దిర్హంలు 25,300 రూపాయలు. రెండూ కలిపితే 32,800. ఇందులోంచి డబ్బు పంపే రుసుములను, వీసాకూ ఏజెంటుకూ చేసిన అప్పు మీద నెలవారీ వడ్డీని తీసివేసిన తరువాతే ఇక్కడి జీతంతో పోల్చాలి. ఇదే జీతంతో కుటుంబమంతా అక్కడికి తరలిపోతే, ఏ రూపాయీ వెనక్కి రాదు కాబట్టి 1,800 మొత్తాన్నీ 9.29తోనే హెచ్చించాలి, అది 16,722 మాత్రమే. ఒంటరిగా వెళ్లేవాడికి లాభమైన ఉద్యోగం సంసారంతో వెళ్లేవాడికి నష్టం కావడానికి కారణం ఈ తేడాయే, దీన్ని ఏ ఏజెంటూ చెప్పడు.

ఇక్కడ ధరలు తక్కువ అన్న మాటను జాగ్రత్తగా వాడాలి. బంగారం, సెల్‌ఫోన్ వంటివి దేశాల మధ్య తిరిగే సరుకులు కాబట్టి వాటి ధరలో పెద్ద తేడా ఉండదు. విజయనగరంలో క్షవరం చవకగా ఉండటానికి కారణం మంగలి పని తక్కువది కావడం కాదు, ఆ ఊళ్లో కూలి రేట్లే తక్కువ కావడం. ఆ పనిని ఓడలో వేసి దుబాయ్‌కి పంపలేము. ఫ్యాక్టరీల్లో ఉత్పాదకత పెరిగిన దేశంలో వేతనాలన్నీ పెరిగి, వాటితోపాటు సేవల ధరలూ పెరుగుతాయని 1964లో బేలా బలాసా, పాల్ శామ్యూల్‌సన్ విడివిడిగా చూపారు. కాబట్టి ఆ చవకదనం దిర్హంలు పంపించుకునే ఇంటికి లాభమే గానీ, ఆ మంగలి ఫోను కొనేటప్పుడు అతనికి ఏమాత్రం సాయపడదు. ఊళ్లో దొరకని సేవల విషయంలో చవకదనం పైపైనే ఉంటుంది: వైద్యం కోసం విశాఖ వెళ్లవలసి వస్తే, రానుపోను ఛార్జీలు, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి కూడా ఆ వైద్యం ధరలో భాగమే.

హైదరాబాద్ ఉద్యోగానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. మారకపు రేటు ఉండదు కాబట్టి లెక్క ఇంకా సులువు. ఈ పనికి వినియోగదారుల ధరల సూచీని మాత్రం వాడకండి. ఆధార సంవత్సరంలో ప్రతి ప్రాంతానికీ సూచీ 100గానే మొదలవుతుంది, అందుచేత అది ఒక చోట ధరలు కాలక్రమేణా ఎంత పెరిగాయో చెబుతుంది తప్ప రెండు చోట్లలో ఏది ఖరీదైనదో చెప్పదు. ఇక్కడి సూచీ హైదరాబాద్ సూచీ కన్నా ఎక్కువగా ఉండి కూడా, అద్దెలు అక్కడే ఎన్నో రెట్లు ఉండవచ్చు.