లిఫ్ట్ కిట్ వేయించే ముందు, వేయించాక: పికప్ బండ్ల సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే పికప్‌లైనా, చీమకుర్తి క్వారీ దారుల్లో నలిగే బండ్లయినా, ఓనర్లు అడిగేది ఒకటే: "రెండంగుళాలు లేపండి." లేపొచ్చు. కానీ మీ బండి అడుగు ఖాళీగా ఉన్నప్పుడు నేలకి తగులుతోందా, లోడు మీద తగులుతోందా? అది తేల్చుకోకుండా కొన్న లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు చేసే సామాను) చాలాసార్లు డబ్బు దండగే.

సమస్య: లోడు వేస్తే వెనక కుంగిపోతోంది, గుంతలో ధన్‌మని కొడుతోంది

ఇది ఎత్తు సమస్య కాదు, బరువు సమస్య. 25 కిలోల మేత బస్తాలు 40 వేస్తే టన్ను. పాత కమాన్ కట్టలు (వెనక ఉండే ఇనుప పట్టీల స్ప్రింగులు) ఆ బరువుకి వంపు పోయి చదునైపోతాయి, ఇరుసు వెళ్లి బంప్ రబ్బరుకి కొట్టుకుంటుంది.

చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పెట్టి కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలిని బట్టి లెక్క మారిపోతుంది. నాలుగు చక్రాల దగ్గరా ఖాళీగా ఒకసారి, రోజూ వేసే లోడుతో ఒకసారి కొలిచి రాసుకోండి. కుడికీ ఎడమకీ బాగా తేడా ఉంటే ఒక పట్టీ విరిగిందేమో కట్ట కిందకి వంగి చూడండి.

పరిష్కారం: కమాన్లకు మళ్లీ వంపు పెట్టించడం, అరిగిపోయి ఉంటే మార్చడం, లేదా లోడుకు తగ్గ అదనపు పట్టీ. ఇరుసుకీ కమానుకీ మధ్య ఇనుప దిమ్మ పెడితే బండి లేస్తుంది, కానీ కమాన్ బలం రవ్వంత కూడా పెరగదు. దిమ్మ మీద దిమ్మ ఎప్పుడూ వేయించొద్దు. ముందు ఇరుసు కింద అసలే వద్దు. ఇంకో మాట: పట్టీ కలిపినంత మాత్రాన ఆర్సీలో రాసిన బరువు కంటే ఎక్కువ వేయొచ్చని కాదు. బ్రేకులు, ఇరుసు, ఛాసిస్ పాతవే కదా.

సమస్య: ఖాళీగా వెళ్లినా గట్టు మీద అడుగు గీసుకుంటోంది

ఏది గీసుకుంటోందో బండి కింద దూరి చూడండి. గీతలు వెనక డిఫరెన్షియల్ హౌసింగ్ (వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డబ్బా) మీద ఉంటే లిఫ్ట్ కిట్ పనికిరాదు. కిట్ లేపేది ఛాసిస్‌ని, బాడీని. ఇరుసు మాత్రం చక్రాలతో పాటు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే. గీతలు ఛాసిస్ మీదో, ముందు బంపర్ కిందో, ఫుట్‌బోర్డు మీదో ఉంటే అప్పుడు కిట్ సరైన మందు.

టొయోటా హైలక్స్, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటి వాటికి ముందు కాయిల్ స్ప్రింగ్, వెనక కమాన్లు. ముందు వైపు స్పేసర్ (ఎత్తు కోసం మధ్యలో పెట్టే దిమ్మ) చవక, ఎత్తు మాత్రమే ఇస్తుంది. లోడుకు తగ్గ స్ప్రింగ్, దానికి సరిపడే షాక్ అబ్జార్బర్ కలిపి తీసుకోవడం ఖరీదైనా మేలు. నా మాట వింటే రెండంగుళాల దగ్గర ఆగండి. అంతకు మించితే ముందు పై ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే పై చేయి), యాక్సిల్ కీళ్లు బాగా వాలిపోతాయి, వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి. అప్పుడు పై ఆర్మ్ కూడా మార్చాల్సి వస్తుంది.

సమస్య: లిఫ్ట్ చేశాక కదిలేటప్పుడు వణుకు

వెనక లేచినప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి తిరుగుడు చేర్చే పొడవాటి కడ్డీ) కోణం మారుతుంది. రెండు ముక్కల షాఫ్ట్ ఉన్న బండిలో ఫస్ట్ గేరులో లాగేటప్పుడే గజగజలాడితే షాఫ్ట్‌ని మధ్యలో మోసే సెంటర్ బేరింగ్‌ని అనుమానించండి. దాని బ్రాకెట్‌ని కొద్దిగా కిందకి దించే స్పేసర్‌తో చాలావరకు పోతుంది. హైవే స్పీడులోనే వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూపించి, తర్వాత షాఫ్ట్ కోణం కొలిపించండి.

సమస్య: స్టీరింగ్ తిరిగి సూటిగా రావట్లేదు, టైరు ఒక అంచునే అరుగుతోంది

ఇది వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సమస్య. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటి సరిచేసి పంపిస్తే ఊరుకోకండి. క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు), క్యాంబర్ (చక్రం పక్కకి వాలు) అంకెలు కూడా కాగితం మీద తీసుకోండి.

సమస్య: బ్రేకు పట్టు తగ్గినట్టుంది

దీన్నే చాలామంది మర్చిపోతారు, నాకు ఎక్కువ టెన్షన్ కూడా దీని గురించే. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఒక సన్న కడ్డీతో కలిపిన వాల్వ్ ఉంటుంది. వెనక కుంగితే లోడుందనుకుని వెనక బ్రేకులకు ప్రెషర్ ఎక్కువ పంపిస్తుంది, లేస్తే తగ్గిస్తుంది. మీరు వెనక లేపేసరికి నిండు లోడు మీద కూడా బండి తేలికగా ఉందనే దాని లెక్క. కావలి దాటి హైవే మీద లోడుతో వెళ్తున్నప్పుడు ముందు లారీ సడన్ బ్రేకు వేస్తే బ్రేకు భారం ఎక్కువగా ముందు చక్రాల మీదే పడుతుంది. కిట్ వేసిన రోజే ఆ కడ్డీని కొత్త ఎత్తుకి సెట్ చేయించండి. జాకీతో ఛాసిస్ ఎత్తి చక్రాలు వేలాడదీసి, బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు బిగుసుకుంటున్నాయేమో కూడా అప్పుడే చూపించండి. హెడ్‌లైట్లు కూడా దించాలి, లేకపోతే ఎదుటివాడి కళ్లలోకే కొడతాయి.

సమస్య: కిర్రుకిర్రుమని శబ్దం

బండి జాకీ మీద గాల్లో ఉన్నప్పుడే బుష్ (కీళ్లలో ఉండే రబ్బరు) బోల్టులు బిగించేస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు. కమాన్‌ని ఇరుసుకి బిగించే యూ బోల్టులు కొత్తవే వాడమనండి, ఐదొందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. చెరువుల దగ్గర తిరిగే బండికైతే ఉప్పునీటి తుప్పు కమాన్ పట్టీల మధ్య చేరి కూడా అరుస్తుంది. మంచినీళ్లతో కింద కడిగించడం వారానికోసారి అలవాటు చేసుకోండి.

కాగితాల సంగతి: తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతున్నాయి. పని మొదలుపెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.