మీ ఊరి లైబ్రరీలో గోదావరి జ్ఞాపకాలను డిజిటల్‌గా దాచడం ఎలా?

డెల్టాలో ఏ పెద్దాయనను కదిపినా ఎనభయ్యారు వరద గురించి చెబుతారు. చెబుతూనే లేచి వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి, నీళ్లు ఇంతవరకూ వచ్చాయని చూపిస్తారు. ఆ గోడకు మళ్లీ సున్నం వేస్తే గుర్తు పోతుంది. ఆ పెద్దాయన పోతే మాట కూడా పోతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించిందని రికార్డుల్లో ఉంది. మీ వీధిలో ఎంత ఎత్తు వచ్చిందో మాత్రం ఏ రికార్డులోనూ ఉండదు. దాన్ని దాచాల్సింది ఊరి శాఖా గ్రంథాలయమే. కోనసీమలో ఇలాంటివి పోగుచేస్తూ నేర్చుకున్నది ఇక్కడ వరసగా చెబుతున్నాను.

ముందు హద్దు గీసుకోండి. త్ర్యంబకేశ్వరం నుంచి అంతర్వేది దాకా గోదావరి మొత్తం ఒక లైబ్రరీకి అందదు. మూడు ప్రశ్నలు వేసుకోండి: మన ఊరికి నీళ్లు ఏ కాలువ నుంచి వస్తున్నాయి? మురుగు ఏ డ్రెయిన్‌లోకి పోతోంది? వరదొస్తే ఏ ఏటిగట్టు కాపాడుతోంది? ఈ మూడింటి చుట్టూ ఉన్న ఊళ్లే మీ హద్దు. పి.గన్నవరం అక్విడక్ట్ (ఏటి మీదుగా కాలువను దాటించే కట్టడం) అవతలి వాళ్లకైతే వైనతేయ పాయ మీదుగా దాటి వచ్చే ఆ కాలువ ఒక్కటే చాలు, ఏళ్ల తరబడి పని ఉంటుంది.

తర్వాత, ఇప్పటికే నెట్‌లో ఏమున్నాయో చూడండి. గోదావరి జిల్లాపై మోరిస్ రాసిన 1878 నాటి పుస్తకం, డెల్టా కట్టడాలపై వాల్ష్ రాసిన 1896 నాటి పుస్తకం, హెమింగ్‌వే రాసిన జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాల ప్రభుత్వ గ్రంథం) లాంటివి మళ్లీ స్కాన్ చేయనక్కర్లేదు, లింకు ఇస్తే చాలు. అవి ఆఫీసర్లు, ఇంజనీర్లు రాసినవి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి అందులో బోలెడంత దొరుకుతుంది. కాలువ లాకుల దగ్గర రాత్రంతా కాపలా ఉన్న లస్కరు గురించి దొరకదు. కాబట్టి మీరు వెతకాల్సినవి నీటి తీరువా (సాగునీటి పన్ను) రసీదులు, నీటి సంఘాల మినిట్స్ పుస్తకాలు, పంటు (ఏరు దాటించే పడవ) టికెట్లు, పుష్కరాల కరపత్రాలు. పెళ్లి ఆల్బమ్‌లు కూడా అడగండి. పెళ్లివాళ్ల వెనకాల ఇప్పుడు లేని రేవు కనిపించవచ్చు.

కాగితాలను లైబ్రరీకి తెమ్మని అడగకండి, మీరే స్కానర్ పట్టుకుని ఇంటికి వెళ్లండి. వస్తువు వాళ్ల కళ్ల ముందే ఉంటే టెన్షన్ ఉండదు. తెలుగులో ఒక పేజీ అనుమతి పత్రం రాసుకోండి: నెట్‌లో పెట్టవచ్చా, పేరు వేయవచ్చా, ఏ భాగం దాచాలి? పొలం సర్వే నంబర్లు, అప్పు లెక్కలు ఉన్నవి అడక్కుండా బయటపెట్టకూడదు. పుస్తకాలైతే రచయిత పోయిన 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుందని గుర్తుంచుకోండి.

స్కానింగ్ పెద్ద విద్యేం కాదు. రాతకాగితాలకు 300 డీపీఐ, ఫోటోలకు 600. దాచుకోవడానికి టిఫ్, చూపించడానికి జేపెగ్ లేదా పీడీఎఫ్. ఫోన్‌తో తీస్తే అరుగు మీద పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయండి. చెమ్మ పట్టిన కాగితాన్ని ఎండలో పెట్టకండి, నీడలో గాలికి ఆరనివ్వండి. ఫోటో వెనక వైపు తప్పకుండా స్కాన్ చేయండి. పేరు, తేదీ ఉండేది అక్కడే.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ప్రతి వస్తువుకూ వివరం రాయాలి, అదీ ఆ ఇంట్లో కూర్చున్నప్పుడే రాయాలి. మొదట్లో నేను రెండు వందల ఫోటోలు ఒక్క వారంలో తీసి, వివరాలు తర్వాత రాద్దాంలే అనుకున్నాను. నెల తిరిగాక చూస్తే ఏ గట్టు ఎవరిదో తెలియలేదు. సగం ఇళ్లకు మళ్లీ వెళ్లాను. ఆ లోపే ఒక మామ్మగారు కాలం చేశారు. ఆమె ఇచ్చిన ఫోటోలో పడవ దగ్గర నిలబడ్డ నలుగురూ ఎవరో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు.

తేదీ దగ్గర నిదానంగా ఉండండి. ఒక ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున మడతల దగ్గర చిరిగిన తీరువా రసీదు దొరికింది. సంవత్సరం స్థానంలో ‘ఫసలీ 1396’ అని ఉంది. ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. అంటే 1986 జులై నుంచి 1987 జూన్ వరకూ, సరిగ్గా ఆ వరద ఏడాది! ఆ ఇంటి రైతు రసీదు వేళ్లతో తడుముతూ, “సార్వా అంతా నీళ్లపాలైందండి, దాళ్వాతోనే బతికాం” అన్నారు. సార్వా అంటే వానాకాలం పంట, దాళ్వా అంటే రెండో పంట. ఆ మాట కూడా రసీదు పక్కనే రాశాను. ఫసలీని అలాగే ఉంచి, పక్కన ఇంగ్లీషు సంవత్సరం వేయండి.

ఊరి పేరుకూ ఇదే పద్ధతి. పాత కాగితంలో అమలాపురం తూర్పు గోదావరి జిల్లాలో ఉంటుంది, 2022 నుంచి కోనసీమ జిల్లాలో ఉంది. కాగితంలో ఉన్నదీ, ఇప్పటిదీ రెండూ రాయండి. రాజమండ్రి అని వెతికేవాళ్లకూ రాజమహేంద్రవరం అని వెతికేవాళ్లకూ ఒకే ఫోటో దొరకాలి. కోతకు గురై ఏట్లో కలిసిపోయిన లంకలుంటే వాటి పేరు తప్పక రాయండి, మ్యాపులో ఇక దొరకదు కదా.

మాటలు రికార్డు చేసేటప్పుడు చేతిలో ఏదైనా ఫోటో పెట్టి అడగండి, జ్ఞాపకం తన్నుకొస్తుంది. ఎర్రనీరు (కొత్త వరద నీరు) ఏ నెలలో వచ్చేది? బోదె (పొలాలకు నీళ్లు తెచ్చే చిన్న కాలువ) నీళ్లకు వంతులు ఎలా వేసుకునేవారు? ఉప్పునీరు ఎక్కడిదాకా ఎగదన్నేది? వాళ్లు వాడిన మాటనే రాయండి, పుస్తక భాషలోకి మార్చకండి.

నెట్‌లో పెట్టడానికి ఒమెకా, డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. అవి లేకపోయినా, పద్ధతిగా పేర్లు పెట్టిన ఫోల్డర్లూ ఒక ఎక్సెల్ షీటూ ఉంటే మొదలుపెట్టవచ్చు. పాత డీటీపీ ఫైళ్లు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంటాయి, యూనికోడ్‌లోకి మార్చకపోతే వెతికినా దొరకవు. కాపీలు మూడు ఉండాలి. మూడోది వరద రాని ఊళ్లో పెట్టండి.

ఈ వానాకాలంలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇవ్వగానే మీ రేవు మెట్ల దగ్గరికి వెళ్లి ఒక ఫోటో తీయండి. 13.75 దగ్గర రెండోది. ఆపై 17.75కు చేరి మూడో హెచ్చరిక వస్తే గట్టు దిగకుండా పైనుంచే తీయండి. ఫైలు పేరులో తేదీ, రేవు పేరు, ఎన్నో మెట్టు మునిగిందో రాయండి.