నీరు నిలిచే పెరట్లో కృత్రిమ పచ్చిక పరచడం ఎలా?

వాన వెలిసి రెండు రోజులైనా పెరట్లో నీరు ఇంకకుండా నేల చిత్తడిగానే ఉంటే, అక్కడ మామూలు గడ్డి వేళ్లకు గాలి అందక కుళ్లిపోతుంది. అలాంటి చోట కృత్రిమ పచ్చిక పనికొస్తుంది. అయితే నీటిని బయటికి పంపేది పైకి కనిపించే పచ్చిక కాదు. దాని కింద వేసే కంకర పొర, ఆ పొరకు ఇచ్చే వాలు, ఆ వాలు చివర నీటికి చూపించే దారి. ఈ మూడింటినీ వదిలేసి, బురద నేలను పైపైన చదును చేసి పచ్చిక పరిచేస్తే నీరు కంటికి కనిపించకుండా కిందే నిలిచిపోతుంది, కొన్నాళ్లకు దుర్వాసన మొదలై నేల అక్కడక్కడ కుంగుతుంది. కాబట్టి ఈ పనిలో శ్రమలో ఎక్కువ భాగం మట్టిపనికే పోతుందని ముందే సిద్ధపడాలి.

నీరు ఎక్కడి నుంచి వస్తోంది?

గట్టి వాన కురుస్తున్నప్పుడు పెరటిని గమనించి, నీరు ఏ వైపు నుంచి వచ్చి ఎక్కడ ఆగుతోందో గుర్తు పెట్టుకోండి. చాలాసార్లు అసలు కారణం నేల కాదు, ఇంటి కప్పు మీది నీరంతా ఒకే గొట్టం గుండా వచ్చి ఒక మూల పడటం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరవుతుంది. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 5,000 లీటర్లు కిందికి వస్తాయి. అంత నీటిని ఒకే చోట వదిలితే ఎంత మంచి కంకర పొరైనా తట్టుకోవడం కష్టం. అందుకే ముందుగా ఆ గొట్టాన్ని వేరే కాలువకో, నీటి తొట్టికో, ఇంకుడు గుంతకో మళ్లించండి. ఒక్కోసారి దీనితోనే సగం సమస్య తీరిపోతుంది.

తరువాత నేల నీటిని ఎంత వేగంగా పీల్చుకుంటుందో పరీక్షించాలి. 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు ఉన్న గుంత తవ్వి నీటితో నింపి, అది పూర్తిగా ఇంకాక మళ్లీ నింపి, గంటకు మట్టం ఎంత తగ్గిందో కొలవండి. మొదటిసారి పొడి మట్టి వేగంగా పీల్చేస్తుంది కనుక రెండోసారి కొలతనే నమ్మాలి. గంటకు సుమారు 2.5 సెంటీమీటర్లు, అంతకు మించి తగ్గితే కంకర పొర, సరైన వాలు సాధారణంగా చాలు. ఒక సెంటీమీటరు కూడా తగ్గకపోతే అది బంకమట్టి నేల; అక్కడ భూమిలో పైపు వేయక తప్పదు. నీరు పోయకముందే గుంతలోకి అడుగు నుంచి ఊట వస్తుంటే భూగర్భజలం బాగా పైనే ఉన్నట్టు లెక్క, అప్పుడు పచ్చిక సంగతి పక్కన పెట్టి నిపుణులను సంప్రదించడం మేలు.

తవ్వకం, వాలు

తవ్వే ముందు కరెంటు తీగలు, మంచినీటి గొట్టాలు, మురుగు పైపులు ఎక్కడున్నాయో తెలుసుకోండి. మామూలు నేలలో 10 సెంటీమీటర్లు, బంకమట్టిలో కనీసం 15 సెంటీమీటర్ల మేర పైమట్టిని తీసేయాలి. పెద్ద చెట్ల వేళ్లను నరకకుండా వాటి చుట్టూ చోటు వదలండి.

వాలు ఇంటి గోడకు దూరంగా పోయేటట్టు, మీటరుకు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల చొప్పున ఉండాలి. రెండు చివర్లా మేకులు పాతి తాడు కట్టి, రసమట్టంతో సరిచూసుకుంటూ దించితే వాలు కచ్చితంగా వస్తుంది. కంటి అంచనాకు వదిలేయవద్దు. వాలు కంకర మీద కాదు, అడుగు మట్టిలోనే రావాలి. అడుగున గుంటలుంటే నీరు అక్కడే చేరుతుంది. పని పూర్తయ్యాక పచ్చిక మట్టం గోడలోని తేమ నిరోధక పొర కంటే సుమారు 15 సెంటీమీటర్లు కిందే ఉండేటట్టు కూడా చూసుకోవాలి.

పైపు, కంకర

బంకమట్టి నేలలో పల్లపు అంచు వెంట 30 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతు కందకం తీయండి. అందులో జియోటెక్స్‌టైల్ (నీటిని పోనిచ్చి మట్టిని ఆపే) వస్త్రం పరిచి, కొద్దిగా కంకర పోసి, 100 మిల్లీమీటర్ల వ్యాసం గల రంధ్రాల పైపును రంధ్రాలు కిందికి ఉండేటట్టు అమర్చి, మళ్లీ కంకరతో నింపి వస్త్రాన్ని పైకి మడవాలి. రంధ్రాలు కిందికి ఉంటే కందకం అడుగున చేరిన నీరు తక్కువ మట్టంలోనే పైపులోకి వస్తుంది. పది మీటర్ల పైపుకు కనీసం 10 సెంటీమీటర్ల వాలు ఇవ్వండి. చివరను వాననీటి కాలువలోకి గానీ, ఇంటి పునాదికి కనీసం 5 మీటర్ల దూరంలో ఉన్న ఇంకుడు గుంతలోకి గానీ వదలాలి. అయితే నీరు ఇంకని బంకమట్టిలో ఇంకుడు గుంత కూడా నిండిపోతుంది కనుక అక్కడ కాలువనే ఎంచుకోవాలి. మురుగు పైపులోకో, పొరుగువారి స్థలంలోకో వదలకూడదు.

మిగతా అడుగంతా జియోటెక్స్‌టైల్ పరిస్తే మెత్తని మట్టి కంకరలోకి ఎక్కి పూడిపోకుండా ఉంటుంది. దాని మీద సుమారు 20 మిల్లీమీటర్ల సైజు కోణాల కంకర, ఆపైన రెండు మూడు సెంటీమీటర్ల మందాన సన్నని రాతి చిప్స్ వేసి, ప్లేట్ కంపాక్టర్ (అదురుతూ నేలను అదిమే యంత్రం)తో గానీ దిమ్మిసతో గానీ గట్టిపరచండి. గుండ్రని గులకరాళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవు, రాతి పొడి కలిసిన కంకర నీటి దారుల్ని మూసేస్తుంది, రెండూ వద్దు.

ఇప్పుడే, పచ్చిక పరచకముందే, రబ్బరు గొట్టంతో ధారాళంగా నీరు వదిలి చూడండి. ఎక్కడైనా మడుగు కడితే సరిదిద్దడం ఈ దశలో సులువు.

పచ్చిక

వెనుక భాగంలో రంధ్రాలున్న లేదా పూర్తిగా నీరు దిగే రకాన్నే ఎంచుకోండి. అన్ని ముక్కల పోగులూ ఒకే వైపు వాలేటట్టు పరిచి, అతుకుల కింద టేపు, జిగురు వేసి అతికించండి. జిగురు రంధ్రాల మీద పరుచుకుంటే ఆ మేర నీరు దిగదు. అంచుల్లో మేకులు దింపి, పైన సిలికా ఇసుక సమంగా చల్లి బ్రష్ చేయాలి.

తరువాత రాలిన ఆకులను ఎప్పటికప్పుడు తీసేయండి. అవి కుళ్లి మెత్తని పొడిగా మారి రంధ్రాల్లో చేరడం వల్లే బాగా పనిచేస్తున్న పచ్చికలో కూడా కొన్నేళ్లకు నీరు నిలవడం మొదలవుతుంది. పెంపుడు జంతువులు తిరిగే చోటును తరచుగా నీటితో కడగండి. వానాకాలానికి ముందు పైపు చివర పూడిక, వేళ్లు చేరాయేమో చూసి శుభ్రం చేయండి.