బొలోన్యాలో చదివే తిరుపతి పిల్లలకు: ఒక్క రోజులో ఫ్లోరెన్స్

మన తిరుపతి నుంచి ఇటలీలోని బొలోన్యాకు చదువుకు వెళ్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అందరూ అడిగేది ఒకటే, ఫ్లోరెన్స్ పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చా అని. వచ్చేయొచ్చు. కాకపోతే అక్కడున్నవన్నీ ఒకే రోజులో చూసేద్దామనుకుంటే ఏదీ చూసినట్టుండదు. నా మాట వింటే టికెట్ కొనేది ఒక్కదానికే, మిగతాదంతా నడకే.

సోమవారం మాత్రం వెళ్ళొద్దు. పాత చిత్రాలుండే ఉఫీజీ మ్యూజియం, మికెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా మ్యూజియం రెండూ ఆరోజు మూసేస్తారు. నెలలో మొదటి ఆదివారం ఈ రెండూ ఫ్రీ, కానీ ఫ్రీ అంటే క్యూ ఎలా ఉంటుందో తిరుపతిలో పుట్టినవాళ్ళకు నేను చెప్పాలా! 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకు 2 యూరోలే అన్న బోర్డు చూసి సంబరపడకండి, అది యూరోపియన్ యూనియన్ పౌరులకు.

స్పీడ్ రైలైతే దాదాపు 40 నిమిషాల్లో దింపేస్తుంది, ముందుగా కొంటే చౌక, ఆలస్యమైతే వాచిపోతుంది. రీజనల్ రైలుకు ఎప్పుడు కొన్నా ఒకటే రేటు, కానీ మామూలుగా మధ్యలో ప్రాతో స్టేషన్లో రైలు మారాలి, గంటన్నర దాటుతుంది. వెళ్ళేటప్పుడు స్పీడ్ రైలు, సాయంత్రం ఎన్నింటికి తేలతామో తెలియదు కాబట్టి వచ్చేటప్పుడు రీజనల్, ఇదీ నా లెక్క. రీజనల్‌కు కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కేముందు స్టేషన్లో ఉండే చిన్న మెషీన్లో పెట్టి తేదీ ముద్ర వేయించుకోండి. ముద్ర లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా ఫైన్ వేస్తారు, కొత్తగా వచ్చానని ఎంత బతిమాలినా టీసీ వినడు.

ఇక ఆ ఒక్క టికెట్ దేనికంటే, పెద్ద చర్చి గోపురానికి (మన గుడి గోపురంలా కాదు, గుండ్రటి డోమ్). చర్చి లోపలికి వెళ్ళడం ఫ్రీయే (ఆదివారం ప్రార్థనలకు తప్ప రానివ్వరు), పైకెక్కడానికే డబ్బు. స్లాట్ ముందే ఆన్‌లైన్లో పట్టుకోవాలి, ఇచ్చిన టైముకే ఎక్కాలి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి, పెద్ద బ్యాగు తీసుకెళ్ళకండి. 463 మెట్లు, లిఫ్ట్ లేదు. అలిపిరి మెట్లెక్కిన కాళ్ళకు అదో లెక్క కాదు గానీ దారి బాగా ఇరుకు, ఊపిరాడనట్టు అనిపించేవాళ్ళు కింద ఆగిపోవడమే మంచిది. బ్రూనెల్లెస్కీ అనే ఆయన 1420లో మొదలుపెట్టి 1436 నాటికి ఈ గోపురాన్ని లేపాడు, అదీ కింద నుంచి చెక్క ఆధారం కట్టకుండా. ఎలాగంటే, లోపలొకటి బయటొకటి రెండు గోపురాలు, మనం ఎక్కేది ఆ రెంటి మధ్య సందులోనే. గోడ మీద ఇటుకలు చూడండి, అడ్డంగా పేర్చిన వరసల మధ్య అక్కడక్కడా నిలువుగా నిలబెట్టినవి కనిపిస్తాయి. సున్నం ఆరేదాకా వరస జారిపోకుండా పట్టి ఉంచింది అవే. ఉఫీజీ బొమ్మలు ఫోన్లో అయినా చూసుకోవచ్చు, ఇది మాత్రం అక్కడికెళ్ళి చూడాల్సిందే.

డేవిడ్ కోసం బెంగపడకండి. అసలు విగ్రహం 1873 నుంచి అకాడెమియాలో ఉంది, సిన్యోరియా చౌక్‌లో 1910లో పెట్టిన నకలు దగ్గర ఎంతసేపు నిలబడినా ఎవరూ డబ్బులడగరు. అక్కణ్ణుంచి పోంతె వెక్కియో వంతెన నాలుగడుగులు. 1944లో జర్మన్ సైన్యం నది మీది మిగతా వంతెనలన్నీ పేల్చేసి దీన్నొక్కదాన్నే వదిలేసింది. దాని మీదున్నవన్నీ బంగారం కొట్లు, రేట్లు చూసి వచ్చేయండి. దారిలో అమ్మేవాళ్ళు నేల మీద పరిచిన బొమ్మల కాగితాల్ని తొక్కకుండా నడవండి, తొక్కితే కొనమని వెంటపడతారు.

తిండి దగ్గర శాకాహారులు కాస్త చూసుకోవాలి. లాంప్రెదొత్తో అని బళ్ళ మీద ఘుమఘుమలాడేది ఆవు పొట్ట. రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూరతో చేసే రిబొల్లీతా బాగుంటుంది, అయినా మాంసం రసం వేశారేమో అడగండి. కాఫీ బార్లో నిలబడే తాగండి, కూర్చుంటే రేటు పెరుగుతుంది. ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్తే ఇంకా మంచిది, కానీ చర్చి మెట్ల మీద కూర్చుని డబ్బా తెరవకండి.

సాయంత్రం నది దాటి మికెలాంజెలో మైదానం దాకా ఎక్కితే ఊరంతా కింద కనిపిస్తుంది, దానికీ టికెట్ లేదు. అక్కణ్ణుంచి స్టేషన్‌కు నడిచి అరగంట పైనే పడుతుంది, చివరి రీజనల్ రైలు ఎన్నింటికో పొద్దునే చూసి పెట్టుకోండి.