పరదేశంలో చదువు: మీ బ్యాంకు ఖాతా ఎవరికీ ఇవ్వకండి

కొద్ది నెలల చదువు కోసం విదేశం వెళ్లిన విద్యార్థి ఖాతా గుండా మోసగాళ్ల సొమ్ము చేతులు మారిందని ఈ మధ్య మళ్లీ ఒక వార్త చదివాను. పాస్‌పోర్టు భద్రం, చలికోటు మరిచిపోకు అని చెప్పేవాళ్లు మీకు ఇంట్లోనే ఉంటారు. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: పరాయి డబ్బును మీ ఖాతాలోకి రానివ్వకండి.

ఖాతా విషయం

అడిగేవాళ్లు దొంగల్లా కనిపించరు. తోటి విద్యార్థి కావచ్చు, ఇంటి నుంచే పని ఇస్తానన్న మనిషి కావచ్చు. "నా ఖాతాలో ఏదో ఇబ్బంది వచ్చింది. డబ్బు నీకు వేయిస్తాను, కొంత నువ్వు ఉంచుకుని మిగతాది నేను చెప్పిన చోటికి పంపు" అంటారు. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఆ మాట సాయంలాగే వినిపిస్తుంది.

ఎక్కడో మోసపోయిన మనిషి ఫిర్యాదు చేస్తాడు. బ్యాంకు ఆ డబ్బు జాడ వెతుక్కుంటూ వస్తే కనిపించేది మీ పేరు. అడిగినవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు. ముందు ఖాతా స్తంభిస్తుంది; అద్దె కట్టాల్సిన రోజున మీ సొంత డబ్బు కూడా మీ చేతికి రాదు. ఆ తర్వాత పోలీసులు. బ్రిటన్‌లో ఈ నేరానికి, అంటే మోసపు సొమ్మును చేతులు మార్చే మనీ లాండరింగ్‌కు, గరిష్ఠంగా 14 ఏళ్ల జైలు శిక్ష ఉంది. తెలియక చేశానని నమ్మించడం తేలిక కాదు.

తెలియని సొమ్ము వచ్చి పడితే ముట్టుకోకండి. "పొరపాటున వేశాను, తిరిగి పంపు" అని ఎవరు బతిమాలినా మీరు పంపవద్దు. బ్యాంకుకు చెప్పండి, వెనక్కి పంపే పని బ్యాంకే చూసుకుంటుంది.

తిరుగు ప్రయాణం ముందు

"ఎలాగూ వెళ్లిపోతున్నావు, ఆ ఖాతా, కార్డు నాకు అమ్మేయి" అనేవాళ్లు సరిగ్గా అప్పుడే వస్తారు. మీరు విమానం ఎక్కినా ఖాతా మీ పేరు మీదే ఉంటుంది. గది అడ్వాన్సు వెనక్కి రాగానే ఖాతా మూసేసి, మూసినట్టు కాగితం తీసుకోండి. సిమ్ కార్డు కూడా ఎవరికీ ఇవ్వకండి; బ్యాంకు పంపే ఓటీపీలు దానికే వస్తాయి.

మిగతావి

చూడని గదికి అడ్వాన్సు పంపవద్దు. యజమాని వేరే దేశంలో ఉన్నాడు, తాళాలు కొరియర్‌లో వస్తాయి అంటే అది మోసమే. ఇంటి యజమానికైనా, పని ఇచ్చినవాడికైనా పాస్‌పోర్టు నకలే ఇవ్వండి, అసలు మీ దగ్గరే ఉండాలి. వీసా అనుమతించిన గంటలకు మించి ఒక్క గంట కూడా పని చేయకండి. చిరునామా నమోదుకు గడువు ఉందేమో వెళ్లకముందే తెలుసుకోండి. జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు చేయించాలి. ఇమిగ్రేషన్ అధికారినంటూ ఫోన్‌లో జరిమానా అడిగితే ఫోన్ పెట్టేయండి. ఏ ప్రభుత్వమూ గిఫ్ట్ కార్డులతో జరిమానా వసూలు చేయదు. ఖాతా ఇవ్వకండి, స్నేహితుడికి కూడా, ఒక్కరోజుకు కూడా. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈరోజే బ్యాంకుకు చెప్పండి, ఆ సందేశాలు చెరిపేయకండి. పోలీసులు పట్టుకుంటే మీ దేశ కాన్సులేట్‌కు తెలియజేయమని అడగండి. కాన్సులేట్‌ల వ్యవహారాలపై దేశాల మధ్య కుదిరిన 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది. దుభాషిని అడగండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి.