ఫైర్‌ఫాక్స్‌కి డబ్బులు ఎక్కడ్నించి వస్తాయో మీరే చూసుకోవడం ఎలా

ఫ్రీగా ఇచ్చే బ్రౌజర్‌కి జీతాలెవరిస్తారని చాలామంది అడుగుతుంటారు, దానికి జవాబు ఫైర్‌ఫాక్స్‌ని తయారుచేసే మొజిల్లా సంస్థ సైట్‌లోనే ఉంది. ఏటా ఆడిట్ చేసిన లెక్కల పీడీఎఫ్ పెడతారు, అది డౌన్‌లోడ్ చేసుకోండి.

ముందు రాబడి పేజీలో రాయల్టీస్ అనే లైన్ వెతకండి. మనం అడ్రస్ బార్‌లో టైప్ చేసింది ఏ సెర్చ్ ఇంజిన్‌కి ముందుగా వెళ్తుందో, ఆ చోటు కోసం ఆ కంపెనీ కట్టేదే అందులో ఎక్కువ భాగం. 2023లో మొత్తం రాబడి సుమారు 65 కోట్ల డాలర్లు, రాయల్టీలే 49 కోట్ల పైన. తర్వాత వెనక నోట్స్‌లోకి వెళ్ళి రిస్క్ గురించి రాసింది తప్పకుండా చదవండి, ఒక్క కస్టమర్ మీద ఎంత ఆధారపడ్డారో అక్కడే తెలుస్తుంది, నాకైతే అన్నిటికన్నా ముఖ్యమైన పేజీ అదే.

ఇంకో సంగతి, 2014లో అమెరికాలో ఆ సెర్చ్ చోటు కోసం గూగుల్‌ని వదిలి యాహూతో ఒప్పందం చేసుకుని 2017లో మళ్ళీ గూగుల్‌కే వచ్చారు, కాబట్టి పాత ఏళ్ళ లెక్కలు పోల్చేటప్పుడు అది గుర్తుంచుకోండి.

డొనేట్ చేసే ముందు మాత్రం ఆగి చూడండి. లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషన్‌కి ఇచ్చిన విరాళం ఫైర్‌ఫాక్స్ తయారీకి వెళ్ళదు, ఆ పని చూసేది దాని కింద 2005లో పెట్టిన మొజిల్లా కార్పొరేషన్ అనే కంపెనీ. మొజిల్లా వాళ్ళ ఈమెయిల్ ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ మాత్రం ప్రధానంగా విరాళాలతోనే నడుస్తోంది, దానికిస్తే నేరుగా ఉపయోగపడుతుంది.