సల్సా నేర్చుకుందాం – 4వ పాఠం: మాస్టారు దేనికి కావాలి?

ఇద్దరు జోడీగా ఆడే ఈ సల్సా డాన్స్‌లో బేసిక్ స్టెప్ పోయిన పాఠంలో చూశాం. 1, 2, 3కి అడుగులు, 4కి ఆగడం. 5, 6, 7కి అడుగులు, 8కి ఆగడం. లీడ్ (జోడీని నడిపించేవారు) ఎడమకాలు ముందుకు వేస్తే ఫాలో (వాళ్లని అనుసరించేవారు) కుడికాలు వెనక్కి వేస్తారు.

విజయనగరంలో కూర్చుని వీడియోలు చూస్తూ నేర్చుకుంటే ఇంత వరకూ వస్తుంది. ఇక మాస్టారు అక్కర్లేదా? 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న ఊరు మనది. గురువు లేని విద్య అంటే పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. సల్సా విషయంలో వాళ్లది సగం నిజం.

వీడియోను మనం చూస్తాం, అది మనల్ని చూడదు. బరువు పూర్తిగా మార్చకుండా అడుగు వేస్తే పైకి తప్పేమీ కనబడదు. తర్వాతి అడుగు మాత్రం ఆలస్యమవుతుంది, మలుపులో తూలతాం. మాస్టారు చెయ్యి పట్టుకోగానే ఇది కనిపెట్టేస్తారు. జోడీ చేతిని బొటనవేలితో బిగించే అలవాటు కూడా అంతే. తిరిగేటప్పుడు అవతలి వాళ్ల మణికట్టు నొప్పెడుతుంది, మొహమాటానికి ఎవరూ చెప్పరు. అందుకే వీలైనప్పుడు విశాఖ వెళ్లి ఎవరైనా మాస్టారితో ఆడి, ఈ రెండే అడగండి. కొత్త కొత్త మలుపులు నేర్పుతామంటారు. ఇప్పుడే వద్దు, రెండు మూడు మలుపులతో పాటంతా హాయిగా ఆడొచ్చు.

మిగతా సగం ఏ మాస్టారూ నేర్పలేరు. క్లాసులో మలుపుల వరుస ముందే తెలుసు కాబట్టి, లీడ్ సరిగ్గా చెప్పకపోయినా ఫాలో తిరిగేస్తారు. బయట పార్టీలో ఆ వరుస ఉండదు, ఏం రాబోతోందో చేతి ద్వారానే తెలియాలి. అది రకరకాల మనుషులతో ఆడితేనే పట్టుబడుతుంది. మన జానపద నాట్యం తప్పెటగుళ్లు కూడా జట్టులో నిలబడితేనే కదా వచ్చేది!

ముగ్గురు నలుగురు స్నేహితులు చాలు. పాట మారగానే జోడీ మార్చండి. ఆడవాళ్లు ఆడవాళ్లతో ఆడినా, లీడ్ చేసినా ఇబ్బందేం లేదు.

ఈ వారం ఇంటిపని: పాట లేకుండా, లెక్క పైకి అంటూ బేసిక్ చేయండి. ప్రతి అడుగుకీ ఆగి, రెండో కాలు కొంచెం ఎత్తి చూడండి. తూలకుండా లేస్తే బరువు మారినట్టే. ఫోన్‌లో వీడియో తీసుకుని 4 దగ్గర నిజంగా ఆగుతున్నారో లేదో చూడండి. వచ్చే పాఠం కుడి మలుపు, అందరూ కంగారుపడేది అక్కడే.